ఐదో కాగితం

బైండరు దృష్టిలో గోడకీ అట్టకీ పెద్ద తేడా లేదు. తడిసినా, పెచ్చు లేచినా పైన ఒక మంచి కాగితం అంటిస్తే పని అయిపోయినట్టే.

ఇంటి కింది భాగంలో ముందుగది అతని పనిచోటు. కాగితాలు కోసే మిషను, పుస్తకాలు బిగించే ప్రెస్సు, మనిషి పడుకోగలిగినంత బల్ల, మూలన ఒక సింకు. ఆ సింకు పక్క గోడకి చెమ్మ పట్టి నాలుగేళ్ళయింది. ఏటా స్కూళ్ళు తెరిచి వానలు మొదలయ్యే రోజుల్లో దాని మీద మచ్చ లేస్తుంది. ఏటా బైండరు ఆ మచ్చ మీద ఒక కాగితం అంటిస్తాడు. అంటించడం మాత్రం బ్రహ్మాండంగా అంటిస్తాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఒక్క బుడగ ఉండదు. ఒక్క ముడత ఉండదు. అంచు ఎక్కడుందో గోరుతో తడిమినా దొరకదు. లోపల గోడ నానుతూ ఉంటుంది, పైకి మాత్రం కొత్త డైరీలా మెరుస్తూ ఉంటుంది.

తప్పెవరిదో అతనికి మొదటి రోజే తెలిసిపోయింది. మేడ మీది భాగంలో తమ్ముడి కాపురం. ఆ గోడకి సరిగ్గా పైన వాళ్ళ స్నానాలగది. ఇంకా వెతకడం దేనికి? మొదటి ఏడాదే మెట్ల కింద నిలబడి, మీ నీళ్ళన్నీ మా గోడలోకి దిగుతున్నాయని పైకి వినపడేలా చెప్పాడు. మరదలు దిగి వచ్చి గోడ చూసింది. మేస్త్రిని పిలిపిద్దాం, మాదీ చూపిస్తాను, మీదీ చూపించండి బావగారూ అంది. ఆ రెండో ముక్క అతనికి నచ్చలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు, దానికేం రోగం? మాటకి మాట పెరిగింది. ఆ తర్వాత నాలుగేళ్ళపాటు మాటే లేదు. మెట్ల దగ్గర ఎదురుపడితే ఇతను గోడకేసి చూసేవాడు, ఆవిడ తలుపు గొళ్ళేనికేసి చూసేది. తమ్ముడు బస్సు డిపోలో మెకానిక్కు, నెమ్మదస్తుడు. ఇద్దరి మధ్యా నలిగి, చివరికి అన్న లేవకముందే డ్యూటీకి వెళ్ళిపోవడం అలవాటు చేసుకున్నాడు.

బైండరు భార్య పోయి ఐదేళ్ళు కావస్తోంది. ఉన్నది ఒక్క కూతురు, ఇరవై నాలుగేళ్ళది. చదువు అయ్యాక నాలుగు రోజులు సాయం చేస్తానని బల్ల దగ్గర కూర్చుంది, ఇక లేవలేదు. కుట్టడంలో తండ్రిని మించిపోయింది. ఆ సంగతి తండ్రికి తెలుసు, పైకి అనడు. కాని కుట్టడానికి పుస్తకాలేవి? పిల్లల నోటుపుస్తకాలు ఫ్యాక్టరీ నుంచి తయారై వస్తున్నాయి. ఆఫీసులు రిజిస్టర్లు మానేసి కంప్యూటర్లు పెట్టుకున్నాయి. స్కూళ్ళు తెరిచే నెలా రెండు నెలలూ కాస్త సందడి, మిగతా ఏడాదంతా ఈగలు తోలుకోవడం.

అలాంటి సమయంలో ఆ అమ్మాయే తిరిగి తిరిగి ఒక పని పట్టుకొచ్చింది. పెద్దాసుపత్రిలో తొంభై ఏళ్ళ జనన రిజిస్టర్లున్నాయి. నూట నలభై. వెన్నులు ఊడి, కుట్లు తెగి, ముట్టుకుంటే చేతికొస్తున్నాయి. వాటన్నిటినీ విప్పి, మళ్ళీ కుట్టి, కొత్త అట్టలు వెయ్యాలి. రెండేళ్ళ పని. ఆసుపత్రి రికార్డుల గది చూసుకునే అధికారిణి నమూనాకి ఇచ్చిన ఒక రిజిస్టరు అమ్మాయి కుట్టి చూపిస్తే, ఆవిడ దాన్ని తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, బాగుందని ఒక్క మాట అంది. ఉత్తరంలో మాత్రం ఒక షరతు రాసింది. పుస్తకాలు ఉంచే చోటు స్వయంగా చూస్తాను, చెమ్మ ఉన్న గదికి ఒక్క కాగితం కూడా పంపను, పదిహేను రోజుల్లో వస్తాను అని.

అమ్మాయి ఆ ఉత్తరం తండ్రికి చదివి వినిపించి, మడిచి జేబులో పెట్టుకుంది.

"ఈ పని రాకపోతే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో చేరిపోతాను నాన్నా. మాట్లాడి పెట్టుకున్నాను."

బైండరు ఉలిక్కిపడలేదు. అటక మీంచి ఒక చుట్ట దించాడు. మీగడ రంగు కాగితం, గుడ్డలా మెత్తగా, గట్టిగా ఉంటుంది. ఎప్పుడో ఒక మంచి పుస్తకం వస్తే వాడదామని పదేళ్ళుగా దాచాడు. గోడకి ఈసారి ఇది వేద్దాం, ఆవిడ భూతద్దం పెట్టి చూసినా పట్టుకోలేదు అన్నాడు.

అమ్మాయి కాదనలేదు, ఔననలేదు. ముందు పాతవి ఊడదియ్యాలి కదా అంది.

మర్నాడు పొద్దున్నే గోడ మీద తడిగుడ్డ అద్ది, మడతలు నొక్కే పుల్ల తీసుకుని మొదలుపెట్టింది. ఇంకొకరు అంటించిన కాగితమైతే ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఇవి అంటించింది బైండరు. పొర మొత్తంగా, దుప్పటిలా ఊడి వచ్చింది. దాని కింద పోయినేటిది. దాని కింద అంతకు ముందటిది. మధ్యాహ్నానికి నాలుగు పొరలూ తీసి తీగ మీద ఆరేసింది. ఆరాక వరసగా నేల మీద పరిచింది, మొదటి ఏడాదిది ఎడమ చివర, పోయినేటిది కుడి చివర. తండ్రిని పిలిచింది.

తడి బయటికి వచ్చి ఆరేచోటే చార కడుతుంది, అందుకే ఏ కాగితం మీద ఆ ఏటి మచ్చే నిలిచింది. మొదటి కాగితం మీద మచ్చ అరచేయంత. అదీ అడుగున, సింకు కిందికి వచ్చేచోట. రెండోదాని మీద మోకాలెత్తు. మూడోదాని మీద నడుము దాటింది. నాలుగోదాని మీద భుజం దాకా ఎగబాకి, పక్కలకి చేతులు చాపింది. నాలుగింటిలోనూ పైభాగం తెల్లగా, చెక్కుచెదరకుండా ఉంది.

పైనుంచి దిగే నీళ్ళయితే ముందు పైన కదా తడవాలి అని అడిగింది అమ్మాయి.

బైండరు చేతులు వెనక్కి కట్టుకుని నాలుగు కాగితాల చుట్టూ ఒకసారి తిరిగాడు. తను అంటించిన పనితనం చూసుకున్నాడు కాని మచ్చ చూడలేదు. నీళ్ళు నిన్నడిగి దిగుతాయా, నన్నడిగి దిగుతాయా, వాటికి తోచిన దారిన అవి పోతాయి అన్నాడు. ఈ పాఠాలు పైన మీ పిన్ని చెప్పిందా అని కూడా అన్నాడు. పిన్నితో ఆ అమ్మాయి మాట్లాడుతుందని అతనికి తెలుసు. తెలియనట్టు ఉండడానికి నాలుగేళ్ళు కష్టపడ్డాడు.

కాని ఆ కాగితాలు అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. అన్నం తింటున్నా కళ్ళ ముందు అవే. సాయంత్రానికి అతనికో ఉపాయం తోచింది. ఒక్క దెబ్బతో అటో ఇటో తేలిపోవాలి. అటే తేలుతుందని అతని ధీమా.

పెద్ద రిజిస్టర్ల అంచులకి ఎర్రరంగు పూస్తారు. చేతికంటితే మూడు రోజులు పోదు. దాన్ని మామూలుగా కలిపేదానికి నాలుగింతలు చిక్కగా ఒక గిన్నెడు కలిపాడు. మర్నాడు పొద్దున ఆరింటికి కూతురి చేతికిచ్చి, పైన స్నానాలగదిలో పొయ్యమన్నాడు. పోసి ఊరుకోకుండా రెండు బకెట్ల నీళ్ళు కూడా వదలమన్నాడు. దిగేదేదో ఎర్రగా దిగుతుంది, అప్పుడు అందరూ కళ్ళతో చూస్తారు. సాయంత్రం ఆరింటికి రమ్మని ప్లంబరు చెవిమేస్త్రికి కబురు కూడా పెట్టాడు, తీర్పు చెప్పడానికి.

మరదలు కాదనలేదు. రంగు తన చేత్తోనే పోసింది. రెండు అడిగితే నాలుగు బకెట్లు నీళ్ళు కుమ్మరించింది. ఇంకో గిన్నెడున్నా పంపమను మీ నాన్నని, కట్టిన దగ్గర్నుంచీ మా స్నానాలగది ఇంత కళగా ఎప్పుడూ లేదు అందట. గిన్నె తిప్పి పంపించింది, అడుగున కాస్త రంగు మిగిల్చి.

బైండరు కుర్చీ తెచ్చుకుని గోడకి ఎదురుగా వేసుకున్నాడు. బస్సు కోసం కూర్చున్నవాడిలా కూర్చున్నాడు. ఎనిమిదైంది. పది అయింది. గోడ గోడలాగే ఉంది. మధ్యాహ్నం అన్నం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అక్కడే తిన్నాడు. రెండింటికి లేచి ముక్కు ఆనించి చూశాడు. నాలుగింటికి కుర్చీ ఇంకో జానెడు ముందుకి జరిపాడు. అమ్మాయి వెనక బల్ల దగ్గర కుట్టుకుంటూనే ఉంది, ఒక్క మాట అనలేదు. అని ఉంటే అతనికి కాస్త హాయిగా ఉండేది.

ఐదింటికి విసుగెత్తి లేచాడు. గిన్నె కడిగేసి, వీధి చివరికి టీ తాగడానికి పోయాడు. అరగంటకి తిరిగొచ్చేసరికి గోడ ఎర్రబడి ఉంది.

సింకు పక్కన, నేలకి జానెడు ఎత్తున, దెబ్బ తగిలిన మోకాలిలా ఎర్రటి మచ్చ. చూస్తుండగానే పెద్దదవుతోంది. బైండరుకి నాలుగేళ్ళ వయసు వెనక్కి పోయినట్టయింది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ తలుపు కొట్టాడు. రండి, కిందికి రండి, ఇద్దరూ రండి, మీ కళ్ళతో చూసుకోండి అన్నాడు. తమ్ముడు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి చేతుల గ్రీజు తుడుచుకుంటున్నాడు, ఆ గుడ్డతోనే దిగాడు. మరదలు చేతులు కట్టుకుని వెనకే దిగింది. వాకిట్లో చెవిమేస్త్రి సైకిలుకి స్టాండు వేస్తున్నాడు.

చెవిమేస్త్రి ముసలి ప్లంబరు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన గోడకి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని లోపల నీళ్ళ చప్పుడు వింటాడు. అందుకే ఆ పేరు. అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో.

అందరూ గోడ ముందు నిలబడ్డారు. బైండరు మాట్లాడాడు. నాలుగేళ్ళు దాచుకున్నదంతా మాట్లాడాడు. పొద్దున పోసిన రంగు సాయంత్రానికి దిగింది, పన్నెండు గంటలు ఆలస్యమైనా నిజం నిజమే, ఇప్పుడేమంటారు అని మరదలికేసి చూశాడు. తమ్ముడు తలొంచుకుని, అన్నయ్యా ఖర్చు నేను పెట్టుకుంటాలే అన్నాడు. బైండరు జీవితంలో అంత సుఖమైన మాట ఈ మధ్యకాలంలో వినలేదు.

అమ్మాయి సూది కింద పెట్టింది.

"నాన్నా, గిన్నె ఎక్కడ కడిగావు?"

బైండరు తన చేతులకేసి చూసుకున్నాడు. అతని కుడిచెయ్యి మణికట్టు దాకా ఎర్రగా ఉంది. సింకు అంచున ఎర్రటి చుక్కలు ఇంకా ఆరలేదు. అందరూ ముందు చేతిని చూశారు, తర్వాత సింకుని చూశారు, తర్వాత గోడని చూశారు. మరదలు ఒక్కతే అతని మొహం చూసింది.

చెవిమేస్త్రి తమ్ముణ్ణి పైకెళ్ళి కుళాయి తిప్పమన్నాడు. స్క్రూడ్రైవరు గోడకి ఆనించి విన్నాడు. ఈ గోడలో చప్పుడు లేదన్నాడు. ఉండదు కూడా, వాళ్ళ నీళ్ళు వెనక సందు వైపు నుంచి దిగుతాయి, ఇల్లు కట్టినప్పుడు వేసింది నేనే, ఒక్క మాట అడిగి ఉంటే నాలుగేళ్ళ కిందటే చెప్పేవాణ్ణి అన్నాడు. తర్వాత సింకులో చెంబుడు నీళ్ళు పోయించి మళ్ళీ చెవి పెట్టాడు. ఈసారి తల ఊపాడు. ఉలి తీసి మచ్చ దగ్గర సిమెంటు కొట్టాడు. మూడు దెబ్బలకే తడి ఇటుక రొట్టెముక్కలా ఊడి వచ్చింది. లోపల ఇనప పైపు వంపు. దాన్ని కోసి బయటికి లాగి, బల్ల మీద పెట్టాడు.

వంపు నిండా తెల్లగా, రాయిలా గట్టిపడ్డ జిగురు. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి కాచే బైండింగు జిగురు. మధ్యలో పెన్సిలు పట్టేంత సందు. ఆ సందులోంచి నీళ్ళు పోయినన్ని పోయేవి, పోలేనివి వెనక అతుకులోంచి గోడలోకి పోయేవి. స్కూళ్ళు తెరిచే రోజుల్లో వెయ్యి పుస్తకాలకి జిగురు రాసి, రోజుకి పదిసార్లు ఆ సింకులోనే బ్రష్షులు కడిగేవాడు. ఆ రోజుల్లోనే వానలు. మచ్చ వానలతో వచ్చిందనుకున్నాడు. బ్రష్షులతో వచ్చింది.

చెవిమేస్త్రి దాన్ని ఉలితో గీకబోయి, వదిలేశాడు.

"బైండింగు గట్టిగా ఉంది గురువుగారూ. విప్పడం నా వల్ల కావట్లేదు."

తమ్ముడు నవ్వాడు. నవ్వి, గుడ్డతో మూతి తుడుచుకున్నాడు, గ్రీజంతా మూతికి అంటింది. బైండరు నవ్వలేదు. మరదలు ఆ పైపు ముక్క తిప్పి చూస్తూ, అక్క పెట్టిన డబ్బా ఏమైంది అని అడిగింది.

ఆ డబ్బా సింకు పక్కన ఉండేది. బ్రష్షుని ముందు చిత్తుకాగితానికి తుడిచి, ఆ తర్వాత డబ్బా నీళ్ళలో కడిగి, ఆ నీళ్ళు పెరట్లో పారబోయించేది అతని భార్య. సింకులో బ్రష్షు ముంచనిచ్చేది కాదు. ఆదివారం ఆదివారం పెద్ద గిన్నెడు వేణ్ణీళ్ళు కాచి సింకులో వొంపేది. నీళ్ళ గొట్టానికి కూడా తలంటు పోస్తావేమే అని అతను వెక్కిరించేవాడు. ఆవిడ పోయిన నెలలోనే, కాలికి అడ్డం వస్తోందని డబ్బా తీసి అవతల పారేశాడు. ఆవిడ పోవడానికీ గోడ తడవడానికీ సంబంధం ఉందని అతనికి ఐదేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. తట్టకూడదనే కాగితం అంటించాడేమో, అదీ చెప్పలేం.

మర్నాడు పొద్దున బైండరు మెట్లెక్కాడు. ఈసారి ఒక్కొక్కటే ఎక్కాడు. మరదలు తలుపు తీసింది.

తప్పు నాది అన్నాడు.

"పద్దెనిమిది మెట్లు బావగారూ. నాలుగేళ్ళు పట్టింది. మోకాళ్ళ నొప్పులా?"

ఆవిడ లోపలికి పోయి, తిరిగి వచ్చి, ఒక తాళంచెవి అతని చేతిలో పెట్టింది. డాబా మీది తలుపుది. వానలు వస్తున్నాయి, పైన నీళ్ళు పోయే జాలీ చూడండి అంది. డాబా పైవాళ్ళది అని మీరనుకున్నారు, ఇంటికి పెద్ద మీరు, మీరే చూడాలని నేను మొండికేశాను, ఇద్దరం కలిసి దాన్ని గాలికొదిలేశాం అంది. తన తప్పు కూడా ఆవిడ అంతే పొడిగా చెప్పింది. ఆ విషయంలో ఆవిడ అతనికంటే నయం.

డాబా మీద మూల జాలీ ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. ఎండుటాకులు, ప్లాస్టిక్ సంచులు, మట్టి, ఎవరో పిల్లల బంతి. పిట్టగోడ చుట్టూ చీలమండ ఎత్తున నీళ్ళు నిలిచిన చార. దానికి సరిగ్గా కింద తమ్ముడి పడగ్గది మూల. అక్కడ సున్నం అప్పుడే పొక్కులు పోస్తోంది. ఇంకో రెండు వానాకాలాలు ఇలాగే పోతే పైవాళ్ళకీ కాగితాలు కావలసి వచ్చేవి.

చెవిమేస్త్రి సింకుకి కొత్త పైపు వేశాడు. అది ప్లాస్టిక్కు, మరిగే నీళ్ళు పొయ్యొద్దు, చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడి చాలు అన్నాడు. తడిసిన సిమెంటు అంతా కొట్టేసి, గోడ ఎండేదాకా ఏమీ పుయ్యొద్దని, కిటికీ తీసి ఫాను వేసి ఉంచమని చెప్పాడు. ఎన్నాళ్ళు అంటే, ఆరు వారాలు, రెండు నెలలు అన్నాడు. తర్వాత టీ తాగుతూ ఇల్లంతా తిరిగి చూపించాడు. నెలకోసారి జాలీలో ఆకులు తియ్యాలి. సింకు కింద పొడి కాగితం పరిచి, మర్నాడు అది తడిసిందేమో చూడాలి. మెయిను వాల్వుని ఒకసారి మూసి తెరవాలి, లేకపోతే బిగుసుకుపోయి అవసరానికి తిరగదు. ట్యాంకు నిండాక నీళ్ళు ఆగుతున్నాయో లేదో నిలబడి చూడాలి. నెలకి అరగంట పని, ఆ అరగంట ఎవరికీ ఉండదు, నా బతుకు దాని మీదే గడిచింది అన్నాడు. అమ్మాయి అన్నీ రాసుకుంది.

అధికారిణి రావడానికి ఇంక ఒక్కరోజుంది. గోడ పచ్చిపుండులా ఉంది. నేల నుంచి భుజం దాకా సిమెంటు లేదు, ఇటుకలు బయటపడి ఉన్నాయి. మధ్యాహ్నం అమ్మాయి బజారు నుంచి వచ్చేసరికి బైండరు ఆ మీగడ రంగు కాగితం బల్ల మీద పరిచి కొలుస్తున్నాడు. పక్కన పలచటి అట్టలు. అట్టలు ముందు బిగించి, వాటి మీద కాగితం వేస్తే గోడ గోడలాగే కనిపిస్తుంది. జిగురు కూడా కాచి పెట్టాడు. అన్నీ తెలిశాక కూడా చేతులు వాటి దారిన అవే పోయాయి.

ఒక్కరోజు కోసం అన్నాడు కూతురితో. ఆవిడ చూసి వెళ్ళగానే తీసేస్తానన్నాడు. ఈ గోడ చూస్తే గుమ్మంలోంచే వెనక్కి పోతుంది, నువ్వు ఫ్యాక్టరీకి పోతావు, అదా నీకు కావలసింది అన్నాడు. కూతుర్ని ఉంచుకోవడానికి అతనికి తెలిసిన విద్య అదొక్కటే.

"పోతే పోనీ నాన్నా. ఆ పుస్తకాలు ఇక్కడికొచ్చి తడిస్తే? అందులో నా పుట్టుక కూడా ఉంది. అమ్మ పేరు ఉంది."

అని, తన చోట కూర్చుని ఏదో కుట్టుకోసాగింది. బైండరు జిగురుగిన్నె మీద మూత పెట్టాడు. ఏం కుడుతున్నావని అడిగాడు. చూపించింది. గోడ మీంచి తీసిన నాలుగు కాగితాలు, పుస్తకం కొలతకి మడతలు పెట్టి, విప్పితే గోడంతా కనపడేలా ముందు కుట్టింది. ఒక్కొక్కదాని కింద ఏ ఏడాదిదో రాసింది. వాటి వెనక తెల్ల కాగితాలు, నెలకొకటి. ఒక్కొక్కదాని పైన చెవిమేస్త్రి చెప్పిన పనులు వరసగా.

దీనికి అట్ట ఏం వేస్తున్నావు అన్నాడు. ఇంకా అనుకోలేదంది. అతను మీగడ రంగు కాగితంలోంచి రెండు జానల ముక్క కోశాడు. అట్ట అతనే వేశాడు. బ్రష్షుని చిత్తుకాగితానికి తుడిచి, ఖాళీ రంగు డబ్బా ఒకటి వెతికి తెచ్చి, అందులో కడిగాడు.

రికార్డుల ఆవిడ పొద్దున పదింటికి వచ్చింది. మెడలో దారానికి కళ్ళజోడు, చేతిలో సంచి. గుమ్మంలోనే ఆగింది. ఎదురుగా ఇటుకలు. ఆవిడ మొహంలో ఏమీ కనపడలేదు, సంచి మాత్రం ఒక చేతిలోంచి ఇంకో చేతికి మారింది. అమ్మాయి చెప్పబోయింది. బైండరు ఆపాడు.

"అది నేను పాడుచేసిన గోడమ్మా. నాలుగేళ్ళు కప్పిపెట్టాను."

ఆ తర్వాత జరిగిందంతా వరసగా చెప్పాడు, గిన్నె కడిగిన ముచ్చటతో సహా. దాచలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. తమ్ముడు ఆరోజు సెలవు పెట్టాడు. అతనూ మరదలూ గుమ్మం దగ్గర నిలబడి విన్నారు.

అధికారిణి అన్ని గోడలకీ అరచేతి వెనకవైపు ఆనించి చూసింది. లోపలి గదిలోకి కూడా వెళ్ళి చూసింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, బల్ల దగ్గర కూర్చుని, అమ్మాయి కుట్టిన పుస్తకం తెరిచింది. ఒక్కొక్క మడతా విప్పి చూసింది, మళ్ళీ జాగ్రత్తగా మడిచింది. తెల్ల కాగితాల దగ్గర ఆగి, ఇవి ఎవరు నింపుతారని అడిగింది. నేను అన్నాడు బైండరు. మీరు మర్చిపోతే అంది.

"నేను గుర్తుచేస్తాను. బావగారిని దెప్పే పని ఎప్పుడిచ్చినా నాకిష్టమే" అంది మరదలు గుమ్మం దగ్గర్నుంచి.

అధికారిణి నవ్వింది. అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఇదివరకు మూడుచోట్లకి పుస్తకాలు పంపించాను, మూడూ చూడ్డానికి పొడిగా, శుభ్రంగా ఉన్నాయి, మూడింట్లోనూ తడిశాయి అంది. ఇక్కడ ఏది తడుస్తుందో ముందే చెప్పారు అంది. అలాగని నూట నలభైకీ ఒప్పుకోలేదు. పన్నెండు పంపుతాను, లోపలి గదిలో, నేలకి మూరెడు ఎత్తున పెట్టండి, ఈ గోడ ఎండాక, ఒక వానాకాలం గడిచాక మళ్ళీ వస్తాను, ఈ పుస్తకం చూసి మిగతావి మాట్లాడదాం అంది. లేచి వెళ్ళబోతూ, అట్ట కాగితం బాగుంది, ఎక్కడ దొరికింది అని అడిగింది. బైండరు చెప్పలేదు. కూతురు నేలకేసి చూసి నవ్వుకుంది.

పన్నెండు రిజిస్టర్లూ ఆ గురువారం వచ్చాయి. ఫ్యాక్టరీ వాళ్ళకి అమ్మాయి ఫోను చేసి రావడం లేదని చెప్పింది.

మొదటి పెద్ద వాన ఆదివారం పట్టింది. తెరిపి ఇచ్చాక బైండరు డాబా ఎక్కాడు. జాలీ దగ్గర నాలుగాకులు చేరి ఉన్నాయి, తీసేశాడు. నీళ్ళు సుడి తిరుగుతూ లోపలికి పోయాయి. కింద సందులో అమ్మాయి గొట్టం మూతి దగ్గర చెయ్యి పట్టుకుని నిలబడింది. మేడ కిటికీలోంచి మరదలు ఇద్దరినీ చూస్తోంది. వచ్చాయా అని పైనుంచి అడిగాడు. వచ్చాయి నాన్నా అంది, చెయ్యి దులుపుకుంటూ.

అతను దిగి వచ్చి వాల్వు మూసి తెరిచాడు. సింకు కింద కాగితం చూశాడు. గోడకి అరచేతి వెనకవైపు ఆనించి, పైనుంచి కిందికి మెల్లగా జరిపాడు. తర్వాత బల్ల దగ్గర కూర్చుని, మీగడ రంగు అట్ట తెరిచి, మొదటి తెల్ల కాగితం మీద రాశాడు. జాలీలో ఆకులు నాలుగు. నీళ్ళు పోయాయి. వాల్వు తిరుగుతోంది. సింకు కింద పొడి. గోడ పొడి.

కలం ఎత్తి, ఆగాడు. లేచి వెళ్ళి గోడ అడుగున ఇంకోసారి చెయ్యి పెట్టి చూశాడు. వచ్చి కూర్చుని, చివరి మాట కొట్టేసి, దాని పక్కన మళ్ళీ రాశాడు.

గోడ మోకాలి పైన పొడి. కింద ఇంకా చల్లగా ఉంది.